గడియ

పెద్దసారు ఒక కాగితమిచ్చిండు:
"పిల్లలు ఇండోర్ హాలుకు ఎందుకొస్తున్నరు, ఎందుకొస్తలేరు,
రాసియ్యి లింగస్వామీ."
పదకొండేండ్ల సంది తాళంచెవి నా మొలతాడుకే ఉన్నది.
నాకు తెల్వకుంటే ఎవలకు తెలుస్తది?

రాసిన.
బ్యాట్ల తీగలు తెగితే ఎవ్వరు రారు.
తీగలు ఏయించినంక గూడ రారు.
మునుగోడు నవాజ్ వస్తేనే
వాని ఎనుక ఆరుగురొస్తరు.
వాడు జరమొచ్చి పన్నడంటే
హాలుకే జరమొచ్చినట్టు.

నాలుగున్నరకు దేవరకొండ బస్సు.
అది ఎక్కేటోళ్లకు టేబుల్ టెన్నిస్ అంటే
కిటికీల నుంచి ఇనొచ్చే టిక్కు టిక్కే.

కానిస్టేబుల్ నోటిఫికేషన్ పడితే
గ్రౌండు చుట్టూ దుమ్ము లేస్తది.
పరీక్ష అయినంక దుమ్ము కూసుంటది.
సైదులు ఒక్కడు ఇంకా ఉరుకుతుండు.
ఎందుకురా అంటే
"ఉరికితె రాత్రి నిద్రపడ్తదన్నా" అన్నడు.
దీన్ని ఏ గడిల రాయాలె సారూ?

ఆడపిల్లలకు వేరే గడి ఉన్నది.
"ఆసక్తి లేదు" అని అచ్చేసే ఉన్నది,
టిక్కు పెట్టుడే బాకీ.
పెట్టబోయి ఆగిన.

నేనావత్ సుగుణ, బీకాం ఫస్టియర్.
శ్రావణం నుంచి దీపావళి దాక
తలుపు కాడ నిలబడి చూసి పోయేది.
లోపటికి రా బిడ్డా అంటే నవ్వేది.
ఒకనాడు నేల చూస్కుంట చెప్పింది:
"బట్టలు మార్చుకునే అర్రకు లోపటి గడియ లేదు కాకా."

పదకొండేండ్లు.
బయటి గడియ రోజూ నేనే తీసిన, నేనే ఏసిన.

గడియారం కాడి దుకాణంల డెబ్బై రూపాయలకు కొన్న.
మోకాళ్లు వంగయి నాకు, మా ఊరి నీళ్ల పున్నెం.
నిలబడే బిగించిన, జర వంకరొచ్చింది.

తెల్లారి సుగుణ వచ్చింది, ఎనుక ఇద్దరు.
వారం తిరిగేసరికి తొమ్మిదిమంది.
నాలుగున్నర బస్సు పోతే పోనీ అంటున్నరు,
ఆరింటిదాంట్ల నిలబడి పోతరంట.
నవాజ్ ఇప్పుడు కోర్టు కోసం లైన్ల ఉన్నడు,
మొకం మాడ్చుకొని.

సారూ, గడియ బిల్లు
ఈ కాగితం ఎనుక అంటిచ్చిన.
పైసలియ్యకున్నా సరే.
రెండో ట్యూబులైటు మాత్రం జెప్పన ఏయించుండ్రి,
చీకటి పడ్డా పోతలేరు పిల్లలు.