కాపలా మార్పు

ఫిషింగ్ హార్బర్‌లో, ఐసు ఫ్యాక్టరీ ఆఫీసులో
సీపీయూ మూత తియ్యాలంటే
ముందు మరలకి కొబ్బరినూనె పెట్టాలి.
ఉప్పుగాలికి కంప్యూటరైనా ఒకటే, లంగరైనా ఒకటే.

"కొత్తది వేసీ గుంటా, పాతదాని జోలికెందుకు?
కాపలాకి ఇద్దరుంటే మంచిదే కదేటి?"
గనగళ్ల దానయ్య. ముప్పై ఏళ్లుగా ఇక్కడి గుమస్తా.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు ఎరగరు బాబాయ్,
చీకట్లో ఎదురుపడితే
వీడు వాణ్ణి దొంగంటాడు, వాడు వీణ్ణి.
జుట్టూ జుట్టూ పట్టుకుని దొర్లుతుంటే
గుమ్మం దగ్గర ఎవరుంటారు?

"మా సంఘం ఎలక్షన్లలాగ," అని నవ్వేడు.

కొత్తదాన్ని డాబాగార్డెన్స్ షాపులోనే
పెన్‌డ్రైవులో ఎక్కించుకొచ్చాను.
నెట్ తీగ పీకేశాను.
కాపలా మారే ఆ పావుగంట
ఇంటికి వీధితలుపు ఉండకూడదు.

పాతది గడియారం పక్కన ఎర్రబొమ్మై కూచుంది.
లైసెన్సు తీరి మూడేళ్లు.
పొద్దున్నే లేచి "మీకు రక్షణ లేదు" అని అరవడం తప్ప
పనేం లేదు దానికి.
అయినా పొమ్మంటే పోదు,
పాస్‌వర్డు చెప్పమంది.

పెట్టిన మేనేజరు పారాదీప్ వెళ్లిపోయాడు.
దానయ్య కాసేపు గోడకేసి చూసి
ఒక బోటు నంబరు చెప్పాడు,
మునిగిపోయినదాని నంబరు.
తెరుచుకుంది.

అప్పుడడిగింది:
బందీగా ఉంచిన ఫైళ్లను కూడా తొలగించాలా?

పదకొండున్నాయి.
శుభలేఖ వేషంలో వచ్చినదొకటి,
కరెంటు బిల్లు పేరు చెప్పుకున్నవి రెండు,
ఇలా పది, అసలైన దొంగలే.
పదకొండోదాని పేరు వలబాకీలు.
తేదీ, హుద్‌హుద్ వెళ్లిన ఆరో రోజు.
లోపల ఏదో లెక్కల మంత్రం చూసి భయపడి
ఏ పాపం ఎరగనిదాన్ని లోపలేసింది.

దానయ్య కళ్లజోడు తీశాడు.
"నలభైరెండు పేర్లమ్మా.
వలలకీ తాళ్లకీ అరువిచ్చిన లెక్క.
ఎంత ఎతికినా దొరకలేదు ఆ యేడు.
గాలివాన పట్టుకుపోయిందనుకున్నాం.
అయ్యగారు కూడా సర్లే అన్నారు.
ఈ కాపలావోడి జేబులో ఉందన్నమాట ఇన్నాళ్లూ."

విడిపించనా?

బయట వేలంపాట. కోనాం బుట్టకి ఎవరో వెయ్యి పెంచారు.

"విడిపిస్తే అయ్యగారు సూత్తారా?"
చూస్తారు.
"అందులో ఒకడు గాజువాకలో ఆటో తోలుతున్నాడు.
ఒకడు లేడు."
మళ్లీ కళ్లజోడు పెట్టుకున్నాడు.
"శుభ్రంగా తీయడమంటే
అన్నీ తీసీడమే కదా, నీ పద్ధతి పెకారం?"

పద్ధతి ప్రకారం అంతే, అన్నాను.
అబద్ధం కాదు. పూర్తి నిజమూ కాదు.
మౌసు అతనివైపు జరిపాను.
వేలు చాలాసేపు దానిమీదే ఉంది.
టిక్కుమన్న చప్పుడు
వేలం అరుపుల్లో నాకు సరిగ్గా వినిపించలేదు.

ఆపైన నా పని నేను చేశాను.
ఆపి, మళ్లీ వెలిగించి,
సేఫ్ మోడ్‌లో నల్లటి తెరమీద
పెద్దపెద్ద అక్షరాల మధ్య తిరిగి
ఖాళీ ఫోల్డర్లు ఏరాను,
రిజిస్ట్రీలో దాని పేరు ఎక్కడ కనిపిస్తే అక్కడ తుడిచాను.
వెళ్లినవాడి చెప్పులు గుమ్మంలోనే ఉంటే
కొత్తవాడు లోపలికి రాడు.
మళ్లీ ఆపి, మళ్లీ వెలిగించాను.

కొత్తది రెండు గంటలు మూలమూలా వెతికింది.
ప్రమాదాలు: సున్నా, అంది.
దానికేం తెలుసు.

డబ్బులతోపాటు పేపర్లో చుట్టిన రెండు కానాగంతలు.
"ఇవి బిల్లులో రాయకు."

సీపీయూ పక్కన పాతదాని లైసెన్సు స్టిక్కరు
గోరుతో గీకాను.
అంకెలు పోయాయి, జిగురు మిగిలింది.
రేపటికి దానిమీద ఉప్పు పడుతుంది.