వేరే గ్రహమ్మీద కసువు కొట్టిన దినాలు

కణేకల్లు కాడ, హగరి ఒడ్డు ఇసక దిబ్బల్లో
పదకొండు దినాలు ఇంకో గ్రహానికి కూలికి పోతి.
దినానికి ఆరునూర్లు. మధ్యాన్నం చిత్రాన్నం.

పని ఏమంటే కసువు కొట్టేది.
మేకల గిట్టలు, తొండ తోక గీత,
రాత్రి గాలికి కొట్టుకొచ్చిన గుట్కా చీటీ,
అన్నీ పొద్దు పొడవక ముందే చెరిపేయల్ల.
"ఇక్కడ ఎప్పుడూ ఎవరూ బతకలేదు, అలా కనపడాలమ్మా"
అనె మేనేజరు.
సరే అంటి.
మా అమ్మ నన్ను కనింది ఆ దిబ్బెనకనే,
అది ఆయప్పకెందుకు చెప్పేది.
పరక పట్టుకోని వెనక్కి వెనక్కి నడుస్తా
నా అడుగులు నేనే తుడుచుకుంటా వస్తి.

హీరో నెత్తిన గాజు కుండ.
షాటు అయిపోతానే దాన్ని ఊడబెరికి
ఫ్యాను పట్టేటోళ్లు ఇద్దరు.
గాలే లేని లోకమంట అది!
మా గాలికి వాళ్ల జెండా రెండుసార్లు చినిగె.
థర్మాకోలు బండలు దొర్లుకుంటా పోయి
వన్నూరప్ప సజ్జ చేన్లో పడె.

నాలుగో దినం లైటు పిల్లోళ్లు దప్పిక దప్పిక అంటే
మోకాటి లోతు చెలమ తోడితి.
ఊరిన నీళ్లు చెంబుతో ముంచి ఇస్తి.
డైరెక్టరు ఉరుక్కుంటా వచ్చె.
"పూడ్చేయ్, పూడ్చేయ్! నీళ్లు సెకండాఫ్‌లో కదా దొరకాలి!"
పూడిస్తి.
నీళ్లను పూడ్చింది నా బతుకులో అదొక్కసారే.

సెకండాఫ్ దినం రాయదుర్గం నుంచి ట్యాంకరు తెప్పించిరి.
పోసిందంతా ఇసక తాగేసె, కెమెరా తిరిగేలోపే.
మూడుసార్లు.
అప్పుడు మేనేజరు నా తట్టు చూసె, ఏమీ అనకుండా.
నా చేతికి తెల్ల గ్లౌజు తొడిగిరి.
అట్లా ఆ గ్రహంలో మొదటి తడి
తగిలింది నా వేళ్లకే.
వేళ్లకు కాదులే, రబ్బరుకు.

సినిమా వచ్చినాక మారెక్కను తోలుకోని పోతి.
నీళ్లు ఊరినప్పుడు ఈలలే ఈలలు.
"ఆ చెయ్యి నాదే" అంటే మారెక్క నమ్మలే,
"మగోడి చెయ్యి కదమ్మే" అనె.
ఇంకో తావున నా పరక గీతలు,
నూనె పెట్టి దువ్విన తల మాదిరి, తెరంతా.
కండ్లద్దాలాయన వాటిని చూపించి
"కోట్ల ఏళ్లుగా గాలి గీసిన గీతలు" అని చెప్తాండాడు.
గాలే లేదంటిరి కదప్పా, అని అడగల్లనిపించె.
చుట్టూ అందరూ నోరు తెరుచుకోని ఇంటాండారు.

రెండు దినాల కూలి ఇంకా రావల్ల నాకు.
మేనేజరుకు ఫోన్ చేస్తే
అందుబాటులో లేడంట.