రెప్ప లోపలివైపు

నా పని రెప్పలు తిరగేయడం.
వెంట్రుకల అంచు పట్టుకుని
బట్ట మడత విప్పినట్టు వెనక్కి తిప్పుతాను.
లోపల సగ్గుబియ్యం లాంటి గింజలు అయిదు కనబడితే
కాగితం మీద టిక్కు.
ఈ ఎండాకాలం గొజ్జాం కొండల్లో
నూట పన్నెండు ఇళ్ళు నా వంతు.

తెవాబెచ్ అవ్వ మెడలో నల్లదారం.
దారానికి కొయ్య శిలువ,
దాని పక్కనే కమ్మరి చేసిన ఇనప పట్టకారు.
రెంటినీ ఒకే చేత్తో తడుముకుంటుంది.
ఆమె రెప్పలు లోపలికి ముడుచుకుపోయాయి.
కంటిని కాయాల్సిన వెంట్రుకలే కంటిని గీస్తున్నాయి,
రెప్పపాటుకొకసారి,
నలభై ఏళ్ళుగా.
కంచే చేను మేస్తుంటే
చేను ఎవరితో చెప్పుకుంటుంది?

మనవరాలు వుబాలెంకి ఎనిమిదేళ్ళు.
ఇంట్లో అందరికన్నా వాడి చూపు దానిదే.
ఆదివారం చర్చికి వెళ్ళేముందు
అవ్వ తల ఒళ్ళో పెట్టుకుని
ఒక్కో వెంట్రుకా పీకి
ముంజేతి మీద అతికించుకుని లెక్కపెడుతుంది.
ఏడు.
పోయిన వారం అయిదే.

నా ఫారంలో ఒక గడి ఉంది:
నీళ్ళకు నడక, ఎన్ని నిమిషాలు?
యెషిహరెగ్ నవ్వింది. ఆ ఇంట్లో గడియారం లేదు.
"కుక్క కూడా లేవకముందే వెళ్తాను.
వచ్చేసరికి చంటాడు
ఏడ్చి ఏడ్చి నిద్రపోయి ఉంటాడు."
తొంభై అని రాసుకున్నాను.

పసుప్పచ్చ డబ్బాలో ఇరవై లీటర్లు.
టెఫ్ పిండి కలపగా, దూడకు పెట్టగా,
ఇంటికొచ్చినవాళ్ళకు కాఫీ కాచగా
(నేనూ మూడు కప్పులు తాగాను, వద్దంటే ఊరుకోరు)
మిగిలింది రేపటికి.
ముఖం ఎవరికి గుర్తొస్తుంది?
ముఖం దాహమని అడగదు కదా.

నీళ్ళెక్కడున్నాయో ఈగలకు తెలుసు.
చంటాడి కంటికొనల్లో వాలి, తాగి,
లేచి అక్క కంటిమీదికి పోతాయి.
వాడు తోలడు.
పుట్టిన దగ్గర్నుంచీ అవి వాడి ముఖంలో ఉన్నవే.

అప్పుడు యెషిహరెగ్ నెతెలా కొంగు అందుకుంటుంది.
తెల్లటి నూలు, పెళ్ళినాటిది.
చంటాడి కళ్ళు తుడుస్తుంది,
అదే కొంగుతో వుబాలెం కళ్ళు, ఆ పైన అత్త కళ్ళు,
అందరివీ అయ్యాక తనవి.
ఎంత మెత్తగా తుడుస్తుందో!
ప్రేమకు ఆ ఇంట్లో ఒకటే కొంగు.
జబ్బుకీ అదే.

ఏటేటా మాత్రలు తెస్తాం.
గుర్తులు గీసిన కర్ర పక్కన పిల్లల్ని నిలబెట్టి
ఎత్తును బట్టి మందు.
వుబాలెం మడమలెత్తి నిలబడుతుంది, పెద్దదాన్నని.
గింజలు తగ్గుతాయి, మేం సంబరపడి కొండ దిగుతాం.
మళ్ళీ ఏడు కర్ర దగ్గర
పిల్ల రెండు వేళ్ళు పెరిగి ఉంటుంది,
గింజలు మొలిచి ఉంటాయి.

ఒక మనిషికి ఒక గుడ్డ అని చెప్పాను.
యెషిహరెగ్ శ్రద్ధగా విని, తలూపి,
కొంగు రెండో చివర పట్టుకుంది.
ఇంట్లో ఉన్న ఇంకో గుడ్డ
చంటాడి కింద పరిచి ఉంది.

బడిగదిలో, బల్లమీద, అవ్వకు ఆపరేషన్.
మర్నాడు కట్టు విప్పితే
ఎదుటి గోడను చాలాసేపు చూసి
"ఇన్ని పగుళ్ళా?" అంది.
అందరం నవ్వాం.
పట్టకారు నాకిచ్చేయి అవ్వా, ఇక దేనికి, అన్నాను.
దారం ముడి విప్పింది.
శిలువ తను ఉంచుకుని
పట్టకారుకు ఇంకో పోగు కట్టి
వుబాలెం మెడలో వేసింది.
"ఉండనీ. ఎందుకైనా మంచిది."

పిల్లను వెలుతురులోకి తిప్పి
రెప్ప తిరగేశాను.
లెక్కపెట్టాను.
ఏడు.
కంటికొసన నీరు దిగింది.
తుడుద్దామని, నాకు తెలియకుండానే,
నా చెయ్యి
నా కొంగును వెతుక్కుంది.