టార్చి వెలుగులో పన్నెండు రౌండ్లు

మా కొట్టు బుకోమ్‌లో, సముద్రానికి మూడు సందుల ఇవతల.
ఏ టీవీ వచ్చినా వెనక మరలు
ముందే ఉప్పుగాలికి తుప్పుపట్టి ఉంటాయి.
స్క్రూడ్రైవర్ కంటే ముందు
ఒక చుక్క నూనె, ఒక కునుకంత ఓపిక.

ఆ శనివారం యాభై అయిదు అంగుళాల దాన్ని
నలుగురు కుర్రాళ్లు భుజాల మీద తెచ్చారు.
మోసే తీరు చూసి కెంకీ అమ్మే ఆవిడ
ఎవరు పోయారర్రా అని గిన్నె దించి నిలబడింది.
"పోలేదు, గొంతు పలుకుతోంది,
మొహమే కనబడటం లేదు" అన్నాడు బోర్కెటే.

అరవై మందికి బల్ల టిక్కెట్లు అమ్మేశాడట.
రాత్రికి మా సందు పిల్లాడు ఒడార్టే
ఎక్కడో మంచు ఊళ్లో బరిలోకి దిగుతున్నాడు.
బోర్కెటే వాడికి గురువు.
గురువుకి వీసా రాలేదు.

నేను చూసే తీరు ఒకటుంది.
ముందు వాసన. మాడిన కంపు లేదు.
గోటితో అంచు వెంట తడిమాను, చీలిక లేదు.
(గాజు చిట్లితే బేరమే ఆడను,
పాత సామాన్ల వాడికి తూకానికి వేసుకోమంటాను.)
ఎర్ర చుక్క వెలుగుతోంది, అంటే కరెంటు లోపలికి పోతోంది.
రిమోట్ నొక్కితే వార్తలు పోయి
సబ్బు ప్రకటన పాడింది, అంటే బుర్ర బాగానే ఉంది.
తలుపు మూశాను.
తెరకి జానెడు దూరంలో టార్చి వాల్చి పట్టాను.

అదిగో,
నూతి అడుగున చేప మెదిలినట్టు
సబ్బు నురగలో ఒక చెయ్యి.

"బొమ్మ ఉంది. వెనక దీపాలే లేవు."

ఒక్క తీగకి దండగా గుచ్చిన దీపాలవి.
డమ్సోర్ అంటాం మేం, ఆర్పు, వెలిగించు అని,
రోజుకి ఏడుసార్లు పోయి వచ్చే కరెంటుకి
ఏదో ఒక గింజ మాడి ఉంటుంది.
ఒకటి పోతే దండంతా అలుగుతుంది.
దాన్ని పట్టాలంటే గాజు ఎత్తాలి,
అప్పడం కంటే కాస్త మందం, మంచమంత వెడల్పు.
తొందరలో ఉన్న చేతులతో ఎత్తను.
సోమవారం, అన్నాను.

బోర్కెటే నా టార్చి వైపు చూశాడు.

రాత్రి పదింటికి కిటికీలకి గోనెలు కట్టారు.
బల్లల మీద అరవై మంది, గోడ వారన ఇంకో ముప్ఫై.
స్టూలెక్కి నిలబడ్డాను.
పళ్లెమంత వెలుగు. అందులో ఎంత పడితే అంతే ప్రపంచం.
"చేతులు! చేతులు చూపించు!" బల్లలు అరిచాయి.
చూపించేసరికి దెబ్బ అయిపోయేది.
గొంతు ముందు చెప్పేది, వెలుగు వెనక పరిగెత్తేది.
మొహం కోసం పోతే చెవి దొరికేది,
చెవి వదిలితే రిఫరీ చొక్కా గుండీ.

నాలుగో రౌండులో బోర్కెటే నా మోచెయ్యి పట్టి కిందికి లాగాడు.
"కాళ్లు. కాళ్ల మీదే ఉంచు."

తెల్ల బూట్లు, నల్ల బూట్లు.
తెల్లవి మావాడివి.
ఎడమ మడమ, మా ఒడ్డు ఇసుకలో పరిగెత్తి నేర్చింది,
నేలకి ఆనదు.
తొమ్మిదో రౌండులో ఆనింది.
"అయిపోయాడు" అన్నాడు గురువు,
దెబ్బ పడకముందే.
తర్వాత పడింది. హోరు విన్నాం.
పళ్లెంలో తెల్ల బూటు అడ్డంగా.

లేచాడు. పన్నెండు దాకా నిలబడి ఓడాడు.
అప్పటికి టార్చి పసుపుపచ్చగా నీరసించింది, నా భుజం కూడా.
ఇద్దరు డబ్బులు వెనక్కడిగారు. ఇచ్చాడు.

సోమవారం నేనూ మా మేనల్లుడు క్పాక్పో
ఊపిరి బిగబట్టి గాజు ఎత్తాం.
తెల్ల పొరలు ఒక్కొక్కటీ తీస్తే
అరవైనాలుగు గింజల్లో ఒక్కటే నల్లబడింది, ఆవగింజంత.
మార్చాను.
ఎరుపు, ఆకుపచ్చ, నీలం, తెలుపు తెర నిండా వేసి చూశాను.
ఎడమ మూల ఒక చుక్క చచ్చి ఉంది, చెప్పాను.
"ఉండనీ."
వందలో ఉన్న వెలుగుని అరవైకి తగ్గించాను.
మసగ్గా ఉందని కుర్రాళ్ల గోల.
మరీ వెలిగితే త్వరగా మాడతాయంటే వింటారా?

ఆ ఆటే మళ్లీ వేశారు.
మొహాలు, చెమట, జెండాలు, ఇప్పుడు అన్నీ ఉన్నాయి.
బోర్కెటే కుర్చీ దగ్గరికి జరుపుకుని
కళ్లకి అరచెయ్యి అడ్డం పెట్టి
పై సగం మూసి చూస్తున్నాడు.