రెండు గీతలు

భోపాల్ బండికి టికెట్లు వచ్చాయని తెలిసి
అటక మీది తప్పెట దించి తుడుస్తుంటే
చోడి వచ్చి దాని మీదే కూర్చుంది.
పదమూడేళ్ళ పిల్లి. చోడిపిండి రంగు.
షుగరుకి చోళ్ళు మంచివని ఊరంతా అంటారు,
పేరు పెట్టినంత మాత్రాన ఏం లాభం.

ఆమదాలవలసలో చక్కెర ఫ్యాక్టరీ మూతపడి ఎన్నేళ్ళో.
మిగిలిన చక్కెరంతా ఇదే నాకేసినట్టు
కిందటి చలికాలం గిన్నెలకు గిన్నెలు నీళ్ళు తాగింది.
శ్రీకాకుళంలో పశువుల డాక్టరు నెత్తురు చూసి
పొద్దున్న రెండు గీతలు, సాయంత్రం రెండు గీతలు
ఇన్సులిన్ అన్నాడు.
అప్పట్నించి ఆ ఏడుకీ ఈ ఏడుకీ మధ్యే నా తిరుగుడంతా.
గజపతినగరం జాతరకి పిలిస్తే మోకాలు నొప్పన్నాను.
పిల్లి కోసమంటే మా గురువు నవ్వుతాడు.

ఇప్పుడు పదకొండు రోజులు.
ఇరవై రెండు సూదులు.

మా అన్న కొడుకు దాలినాయుడు
దసరాకి పొట్టేలుని ఒక్క వేటుకి కొట్టే కుర్రాడు,
వెంట్రుకంత సూది చూసి చెమటలు కక్కాడు.
మందుల షాపువాడు పూటకి యాభై అన్నాడు,
పిల్లిని షాపుకే తెమ్మన్నాడు.
రోజుకి రెండుసార్లు రైలుగేటు దాటించి
ఎవరు తెస్తారు?

మిగిలింది గోడ అవతలి ఇల్లు.
అసిరితల్లి.
కుళాయి దగ్గర వరస కోసం మాట పోయి మూడేళ్ళు.
నా బిందె తన్నిన కాలు ఆమెది.
అనకూడని మాట అన్న నోరు నాది.
కానీ పెనిమిటి పొట్ట మీద, తొడ మీద, జబ్బ మీద
తొమ్మిదేళ్ళు మందు ఎక్కించిన చెయ్యి
మా వీధిలో ఇంకెవరికుంది?
ఆయన పోయి ఏడాది దాటింది.
చావు పలకరింపుకీ నేను వెళ్ళలేదు.

నోరు తిరగదని కాగితం రాసుకెళ్ళాను.
గుమ్మంలో నిలబడి, ముఖం చూడకుండా,
బడిపిల్లాడిలా అప్పజెప్పాను:
మందు ఫ్రిజ్జు తలుపులో ఉండాలి, గడ్డకట్టకూడదు.
సీసా కుదపకూడదు, అరచేతుల మధ్య దొర్లించాలి.
ముందు తిండి. తినకపోతే సూది వద్దు.
మెడ వెనక తోలు రెండు వేళ్ళతో పైకెత్తి...

ఆమె చేటలో బియ్యం ఏరుతోంది. చెయ్యి ఆగలేదు.
"ఎన్ని గీతలు?"
రెండు.
"ఆయనకి ముప్పై ఆరు."
ఒక రాయి తీసి పక్కన పెట్టింది.
"ఆ తలుపులో గూడు కాళీగానే ఉంది. తెచ్చీ."

అంతే. బిందె మాట ఆమె ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

మెట్లు దిగాక చూస్తే కాగితం వెనక ఇంకో వరస.
మళ్ళీ వెళ్ళాను.
తూలినా, వణికినా, కళ్ళు తేలేసినా
బెల్లం నీళ్ళు చిగుళ్ళకి రాయాలి, వెంటనే.

"నాకు సెప్తన్నావేటి" అంది.
చెయ్యి అప్పుడు ఆగింది.
"ఆ రేతిరి మా ఇంట్లో బెల్లం నేదు.
మీ తలుపు కొట్టనేకపోనాను.
మాట నేదు గదా."

నాకేమనాలో తెలియలేదు.
ఆ రాత్రి మా ఇంట్లో బెల్లం ఉంది.
ఎప్పుడూ ఉంటుంది.

ఫోన్లో మాట్లాడనంది.
సూది పడ్డాక ఒక్క మిస్డ్ కాల్, అంతే.
నాలుగు రోజులు సరిగ్గా ఏడుకి
నా జేబులో ఒకసారి అదిరి ఊరుకుంది.
అయిదో సాయంత్రం అదరలేదు.
ఏడుంపావు. కాళ్ళకి గజ్జెలు కట్టేసుకున్నాను,
గుండె మీద తప్పెట బిగించేశారు,
మావాళ్ళు వరసలో నిలబడుతున్నారు.
ఏడున్నరకి నేనే చేశాను.

"తిననేదు" అంది. "కూకున్నాను, తింటాది."
పెట్టెయ్యలేదు. నేనూ పెట్టెయ్యలేదు.
తెర పక్కన ఫోను చెవికి ఆనించుకుని
కదిలితే గజ్జెలు మోగుతాయని
కదలకుండా నిలబడ్డాను.
అవతల ఆమె ఊపిరి. ఎక్కడో గూడ్సు బండి.
గురువు కళ్ళెర్రజేసి రమ్మంటున్నాడు.

అప్పుడు, నేల మీద,
గిన్నె కొంచెం జరిగిన చప్పుడు.