గాలి డ్యూటీ

మొదటిసారి పెట్టిన గుడ్లను
రెండోరోజు పొద్దుటికి తల్లే తినేసింది.
బల్లార్షాల మే నెల, నలభై ఏడు డిగ్రీలు,
మనుషులకే మతి నిలువని ఎండ.
చంద్రపూర్‌ల చేపలమ్మే పిల్లగాడు నవ్విండు:
"కొత్త జంట గద కాకా, నేర్చుకుంటయ్."

నేర్చుకునేదాక నేను ఆగలేదు.
రెండోసారి, పూలకుండీ పెంకుతోని సహా
ఎత్తి పక్క తొట్టిల పెట్టిన.
ఆవగింజంత గుడ్లు, మెంతుల రంగు.
తెల్లబడ్డవాటిని స్వరూప పిన్నీసుతోని
బియ్యంల రాళ్లు ఏరినట్టు ఏరింది.
నీలిమందు రెండు చుక్కలు వేస్తుంటె
"బట్టలకు పెట్టేదేనా?" అన్నది.
కాదన్న. నమ్మలేదు.

ఇవతలి తొట్టిల
జైలుచారల చొక్కా తొడుక్కున్న మగది
పెంకు లేని జాగకాడ నిలబడి
రెక్కతోని విసురుతనే ఉన్నది
ఉత్త ఇసుకకు.

నేను మిల్లుల బ్లోయర్ కాడ పనిచేస్త.
ఇరవై రెండేండ్ల సంది
బాయిలర్‌కు గాలి పంపుడే నా కొలువు.
గాలి ఆగితె ఏమైతదో నాకు ఎరుక.
దానికి ఎదురుంగ కూసొని
బువ్వ తినబుద్ధి కాలేదు, కుర్చీ తిప్పుకున్న.

మూడో రాత్రి గుడ్లు పగిలినయ్.
పగిలినయ్ అంటె చప్పుడేం లేదు,
పెంకు మీద ఒక వణుకు,
నిద్రల కనురెప్ప అదిరినట్టు.
కండ్లు లేవు, నోర్లు లేవు, తోకలే.
ఒక్కొక్కదాని కడుపుకు
నాలుగు రోజుల సద్దిమూట.

అయిదో రాత్రి ఒంటిగంటకు కరెంటు పోయింది.
గోడ అవతలి నుంచి శేండే బాయి
"లైట్ గేలీ!" అని కేకేసింది,
మేమేదో వెలుగుల కూసున్నట్టు.
మోటరు ఆగింది. బుడగలు ఆగినయ్.
ఇన్ని రోజులు ఇంట్ల ఒక చప్పుడుండేదని
అప్పుడు తెలిసింది.

చాయ గిలాసతోని నీళ్లు ముంచి
జానెడు ఎత్తు నుంచి పోసిన.
ముంచిన, పోసిన.
నేనొక గంట, స్వరూప ఒక గంట.
శేండే బాయి మనుమడు ప్రథమేశ్
సెల్లు లైటు పట్టుకొని వచ్చి
మరాఠీల గిలాసలు లెక్కపెట్టుడు మొదలుపెట్టిండు.
వంద దాటినంక తప్పిపోయి
మళ్ల ఏక్ నుంచి.
కిటికీల నుంచి మిల్లు వాసన,
పాసిపోయిన గోబీ ఉడికినట్టు.
నాలుగింటికి చెయ్యి తిమ్మిరెక్కింది.
పిల్లగాడు లైటు అటు తిప్పితె
మగది అద్దానికి ఆనుకొని
ఇంకా విసురుతనే ఉన్నది.
ఒక్క షిఫ్టుకు ఇద్దరం.

ఏడోరోజు లేచినయ్.
వెదురు లారీ పోయినంక దుమ్ము లేచినట్టు
అడుగు నుంచి ఒక్కపారే.
ఉడకబెట్టిన కోడిగుడ్డు పచ్చసొనను
పాత ధోతి గుడ్డల పిండి వేసిన.
గుడ్డుల నుంచి వచ్చినోళ్లకు గుడ్డే బువ్వ.

ఇంక నాలుగు రోజులు చూసి
ఇరవై పిల్లలను అదే గిలాసతోని ముంచి
తల్లి ఉన్న తొట్టిల వదిలిన.
స్వరూప వద్దనే అన్నది.
నారింజ పొట్ట మెరుపుకుంట తల్లి వచ్చింది,
నోరు తెరిచింది.
ఒకటి లోపలికి పోయింది.
"చెప్పలే?" అన్నది స్వరూప.
నేను గిలాస చేతుల పట్టుకొని
బొమ్మ లెక్క నిలబడ్డ.

తల్లి మెల్లగ తిరిగి
మగడు ఇసుకల తవ్విన గుంతకాడికి పోయి
ఉమ్మింది.
పిల్ల తోక ఊపింది.
మళ్ల పోయింది, ఇంకొకటి తెచ్చింది.
కావలి మగది రెక్క మడిచింది,
పదకొండు రోజులల్ల మొదటిసారి.

పందొమ్మిది లెక్కపెట్టిన.
ఇరవయ్యోది నోట్ల ఉండంగ
మిల్లు సైరన్ కూసింది.
తల్లి నోరు మూసుకొనే ఉన్నది.
నేను సైకిలు తీసిన.