బదులు

పదిహేను మంది పిల్లలు, ఒక పంతులమ్మ, ఒక పొయ్యి.
చిలోయే దీవి కొసన, కాలెన్ రేవులో
వాన తెరిపిచ్చినప్పుడే అది బడి.
మిగతా రోజుల్లో కొండవాలు మీద కొంచెం పొగ.

నేను అక్కడ గుమాస్తాను.
సర్కారు ఇచ్చిన రిజిస్టర్లు మూడు:
హాజరు, సామాను, ఖర్చు.
నాలుగోది నేనే కుట్టుకున్నాను
పిండిసంచి గుడ్డ అట్టగా వేసి.
చేబదులు పుస్తకం.

మే రెండు. ఎర్మోహెనెస్ లెవికోయ్
ఎడ్లబండి సగానికి కట్టెలు దించాడు, తడివి.
మే తొమ్మిది. ఆరో తరగతి రొసామెల్
ఆయన పింఛను కాగితం మూడుసార్లు చదివి వినిపించాడు.
రెండోసారికే అర్థమైందట.
మూడోసారి, ఇంట్లో ఇంకో గొంతు వినబడుతుందని.

వలలల్లే ఎదువీనా శుక్రవారాలు వచ్చి
కన్నుకీ కన్నుకీ మధ్య దూరం వేళ్ళతో కొలిపించేది.
భాగహారం అలా వచ్చింది మా వాళ్ళకి,
చేపల వాసనతో.
వచ్చిన భాగహారం ఊరుకుంటుందా?
ఆల్చిప్పల షావుకారు కాటా
బస్తాకి రెండు కిలోలు మింగుతోందని
ఏడో తరగతి తేల్చింది.
ఇప్పుడు శనివారం శనివారం
పడవలన్నీ బడి త్రాసు దగ్గరికే.
నల్లబల్ల కింద నీళ్ళు కారుతుంటాయి,
సోమవారం దాకా ఉప్పు తుడుస్తాను.
ఇది ఏ పద్దులో రాయాలో తెలీక
రెండు వైపులా రాశాను.

అందరూ అలా కాదు.
బార్రియా మా కొళాయి నీళ్ళు ఆరేళ్ళుగా పట్టుకెళ్తున్నాడు.
కట్టె లేదు, చేప లేదు, మంచిమాట అసలే లేదు.
అతని పేజీ తెల్లగా ఉంది.
చింపెయ్యమంటావా అన్నాను పంతులమ్మతో.
"వాళ్ళ చిన్నది రెండో తరగతి. చదవడం వచ్చింది.
నాన్న పేరు వెతుక్కుంటుంది, ఉండనీ" అంది.

తెగులు సంగతి చెప్పాలి.
అంతకు ముందెప్పుడో పంతులమ్మ
ఇంటికొక దుంప తెమ్మంది, పేర్లు నేర్పడానికి.
ముసలమ్మలు కొంగుల్లో తెచ్చారు:
ఊదాది, వంకరది, పందిముక్కు లాంటిది,
పేరు చెప్తే పిల్లలు నవ్వే ఇంకొకటి.
బడి వెనక పద్నాలుగు చాళ్ళు.
తర్వాత ఆ పాడు ఏడు వచ్చింది,
ఊరి మళ్ళన్నీ వారంలో నల్లబడి కుళ్ళాయి.
మా పెరడు గాలికి అడ్డంగా ఉందో,
దాని అదృష్టమో, నాకు తెలీదు, మిగిలింది.
పిల్లలు కత్తిపీట చుట్టూ కూర్చుని
ముక్కకి రెండు కళ్ళు చొప్పున కోసి
ఇంటింటికీ పంచారు.
బార్రియా ఇంటికి కూడా.
ఆ రోజు నేనేమీ రాయలేదు, చేతులు మట్టి.

ఆగస్టులో పెద్ద ఊరి నుంచి ఇన్‌స్పెక్టరు దిగాడు,
పడవ కుదుపుకి మొహం పాలిపోయి.
పిల్ల తలకి ఖర్చెంతో చదివాడు.
"ఇంత పెట్టి ఈ బడి ఏమిస్తోంది?
బదులు చెప్పండి."
నేను నాలుగో పుస్తకం ముందు పెట్టాను.
బదులు తప్ప అందులో ఇంకేముంది?
వేలు తడి చేసుకుని చివరి పేజీకెళ్ళాడు.
"మొత్తం ఏదీ?"
"కూడలేదండి."
"ఎందుకు?"
కూడితే తీరిపోతుందేమోనని
నోటిదాకా వచ్చింది. అనలేదు.
పొయ్యి మీద పులుసు పొంగింది, లేచాను.

ఆయన తిన్నాడు. ఇంకో గరిటె వేయించుకున్నాడు.
సంతకం పెట్టకుండానే ఆఖరి పడవెక్కాడు.
మూస్తారో లేదో ఉత్తరం రాలేదింకా.

దీపం దగ్గరికి జరుపుకుని రాసుకున్నాను:
ఇన్‌స్పెక్టరుగారు. ఆల్చిప్పల పులుసు, గిన్నె ఒకటి,
పైన గరిటె.
ఎదురు గడి ఖాళీగా వదిలాను.
పక్క పేజీ బార్రియాది.